లేని ఆర్కెస్ట్రా, లేని మనుషులు

నేను వినే సంగీతం గురించి మా అమ్మకి ఒకే ఒక్క అభిప్రాయం ఉంది. "మిక్సీలో ఎండుకొబ్బరి వేసినట్టుందిరా" అంటుంది. ఇంజినీరింగ్ రెండో ఏడాది సెలవులకి ఇంటికొచ్చినప్పుడు, హాస్టల్లో ఎవరి హార్డ్ డిస్క్ నుంచో కాపీ చేసుకున్న పాటల్ని కంప్యూటర్ స్పీకర్లలో పెట్టిన రోజు మొదటిసారి అందీ మాట. ఇప్పటికీ అంటుంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. బ్లాక్ మెటల్‌ని మొదటిసారి వినే ఎవరికైనా వినపడేది అదే. గిటార్ తీగ మీద ఒకే స్వరాన్ని ఆపకుండా మీటుతూ పోతే పుట్టే హోరు, ఊపిరి తీసుకోనివ్వని డ్రమ్స్, వెనకెక్కడో గొంతు చించుకుంటున్న ఒక మనిషి. పాట మాటలు అర్థం కావు. రికార్డింగ్ కూడా పక్కింట్లోంచి వస్తున్నట్టు ఉంటుంది.

అయితే ఆ రొద వెనక ఇంకోటి ఉంటుంది. నాలుగైదుసార్లు విన్నాక మెల్లగా బయటికొస్తుంది. వయొలిన్ల గుంపో, చర్చిలో బృందగానమో, ఏదో పెద్దది, దూరంగా. ఎవరు వాయిస్తున్నారో తెలీదు. అసలు ఎవరూ వాయించడం లేదేమో అని కూడా అనుమానం వస్తుంది. సింఫనిక్ బ్లాక్ మెటల్, అట్మాస్ఫెరిక్ బ్లాక్ మెటల్ అని పిలిచే రెండు శాఖలూ ఈ దూరపు ధ్వని మీద ఆధారపడి బతుకుతాయి. ఈ నాలుగైదేళ్ళలో అండర్‌గ్రౌండ్ నుంచి, అంటే చిన్న లేబుళ్ళ మీదా సొంత ఖర్చుతోనూ, ఈ శాఖల్లో వచ్చిన కొన్ని ఆల్బమ్‌ల గురించి రాద్దామని కూర్చున్నాను. కానీ వాటిని తూచడానికి ముందు ఒక రాయి కావాలి. ఆ రాయి 1993లో ఉంది.

*

నార్వేలోని బెర్గెన్ నగరంలో గ్రీగ్‌హాలెన్ అనే పెద్ద సంగీత భవనం ఉంది. స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ పేరు మీద కట్టి, 1978లో తెరిచారు. బెర్గెన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాకి అదే ఇల్లు. ఆ భవనంలోనే ఒక రికార్డింగ్ స్టూడియో కూడా ఉంది. 1993 వేసవిలో ఎంపరర్ అనే కుర్రాళ్ళ బ్యాండ్ అక్కడికి వెళ్ళి, పిట్టెన్ అనే పేరుతో అందరికీ తెలిసిన సౌండ్ ఇంజినీర్ దగ్గర తమ మొదటి పూర్తి ఆల్బమ్ 'ఇన్ ద నైట్‌సైడ్ ఎక్లిప్స్' రికార్డ్ చేసింది. గాయకుడు ఇసాన్‌కి అప్పటికి 17 ఏళ్ళు. గిటార్ అతనే, కీబోర్డ్ కూడా అతనే.

నాకు ఈ దృశ్యం ఎప్పుడు తలుచుకున్నా సరదాగా ఉంటుంది. అదే కప్పు కింద నిజమైన ఆర్కెస్ట్రా ఉంది. వీళ్ళ దగ్గర ఒక కీబోర్డ్ ఉంది. అందులో 'స్ట్రింగ్స్' అనే బటన్ నొక్కితే వచ్చే శబ్దాన్ని వయొలిన్ అని ఎవరూ పొరబడరు. ఆ శబ్దాన్ని గిటార్ల హోరు కిందికి తోసి, మొత్తాన్నీ ప్రతిధ్వనిలో ముంచేశారు. ఫలితంగా ఏది కీబోర్డో ఏది గిటారో తెలీని ఒక మంచుగోడ లేచింది. ఆ గోడలోంచి మన చెవి తనకి కావలసిన వాద్యాలని తనే ఏరుకుంటుంది. ఆ ఆల్బమ్‌లో నేను విన్న బూరలు కొన్ని నిజానికి అందులో లేవని, మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాక తెలిసింది. కాస్త బాధేసింది కూడా.

సురభి వాళ్ళ 'మాయాబజార్' చూసినవాళ్ళకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మనుషుల్ని గాల్లోకి లేపే తీగలు ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి కనపడతాయి. ఒక్కసారి మనసు సిద్ధపడ్డాక తీగ కనిపించినా నష్టం లేదు.

ఆ తర్వాత ఈ సంగీతానికి డబ్బొచ్చింది. డిమ్ము బోర్గిర్ అనే ఇంకో నార్వే బ్యాండ్ 2010లో 'అబ్రహదబ్ర' ఆల్బమ్‌కి ఏకంగా నార్వేజియన్ రేడియో ఆర్కెస్ట్రానే పిలిపించుకుంది. ప్రతి వాద్యమూ అద్దంలో చూసినట్టు వినపడుతుంది. పనితనానికి వంక పెట్టలేం. కానీ నేను ఆ ఆల్బమ్‌ని మొదటి నుంచి చివరిదాకా మూడోసారి వినలేకపోయాను. ఆర్కెస్ట్రా వచ్చి ఎదురుగా కూర్చున్నాక నాకిక అక్కడ చేసే పనేమీ మిగల్లేదు.

ఇప్పుడు ఆ డబ్బు కూడా అక్కర్లేదు. ఈ విషయంలో నాకు స్వానుభవం ఉంది. 2020 లాక్‌డౌన్‌లో స్పిట్‌ఫైర్ ఆడియో అనే సంస్థ బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా శబ్దాలతో చేసిన సాఫ్ట్‌వేర్‌కి ఒక చిన్న రూపం విడుదల చేసింది. అప్పట్లో డబ్బు కట్టి తీసుకోవచ్చు, లేదా కొన్ని ప్రశ్నలకి జవాబులు నింపి 14 రోజులు ఆగితే ఉచితంగా ఇచ్చేవారు. నేను ఆగాను. ఇలాంటి సాఫ్ట్‌వేర్ల పనితీరు ఒక ప్రోగ్రామర్‌గా నాకు భలే నచ్చుతుంది. వాద్యకారుల చేత ఒక్కో స్వరాన్నీ విడివిడిగా వాయించి రికార్డ్ చేస్తారు. ఖరీదైన వాటిలో అదే స్వరాన్ని మెల్లగా, గట్టిగా, మళ్ళీ మళ్ళీ వాయించి పెడతారు. మనం ఒకే మీటని వరసగా నొక్కినా ప్రతిసారీ వేరే రికార్డింగ్ పలుకుతుంది, యంత్రంలా అనిపించకుండా. రెండు వారాలు రాత్రుళ్ళు కూర్చుని రెండున్నర నిమిషాల సంగీతం చేశాను. వింటే సినిమా ట్రైలర్‌లా ఘనంగా ఉంది. ఘనంగా ఉండటం తప్ప అందులో ఇంకేమీ లేదు. ఎంపరర్ కుర్రాళ్ళకి ఉన్నదీ నాకు లేనిదీ ప్రతిభ ఒక్కటే కాదని ఆ రోజు అర్థమైంది. వాళ్ళకి కావలసినది వాళ్ళ చేతిలో ఉన్నదానికంటే చాలా పెద్దది. ఆ తేడా పాటలో వినపడుతుంది. నాకు కావలసినదంతా డౌన్‌లోడ్ అయిపోయింది.

*

ఇంతవరకూ చెప్పింది అందమైన కథ. రెండో సగం కూడా చెప్పాలి.

ఆ ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించిన ఫౌస్ట్, రికార్డింగ్‌కి ఏడాది ముందు, 1992 ఆగస్టులో, లిల్లెహామర్ ఊళ్ళో ఒక గే మనిషిని అడవిలో కత్తితో పొడిచి చంపాడు. స్టూడియోలో డ్రమ్స్ ముందు కూర్చునేటప్పటికి ఆ సంగతి పోలీసులకింకా తెలీదు. 1994లో కోర్టు అతనికి 14 ఏళ్ళ శిక్ష వేసింది. గిటారిస్టు సామోత్ చర్చి తగలబెట్టిన కేసులో జైలుకెళ్ళాడు. 2014లో ఆల్బమ్‌కి 20 ఏళ్ళు నిండాయని జరిపిన కచేరీల్లో మళ్ళీ ఫౌస్టే డ్రమ్స్ వాయించాడు, జనం చప్పట్లు కొట్టారు.

హాస్టల్లో నాకివేవీ తెలీవు. తెలిశాక వినడం మానేశానా అంటే, మానలేదు. కళాకారుడు వేరు, కళ వేరు అని మన సాహిత్య చర్చల్లో తరచూ వినపడే మాటని నేనూ కొన్నాళ్ళు వాడుకున్నాను. ఇప్పుడది సరిపోవడం లేదు. ఎందుకంటే ఆ చేతులు వేసిన దెబ్బలే నేను వింటున్నాను. వేరు చేయడానికి చోటెక్కడుంది?

ఆ ఇబ్బందితోనే మళ్ళీ విన్నప్పుడు, ఇన్నేళ్ళూ నేను గమనించని ఒక విషయం కనపడింది. ఆ ఆల్బమ్‌లో మనుషులు లేరు. అడవి ఉంది, చందమామ ఉంది, మంచు ఉంది, మాంత్రికులూ చక్రవర్తీ ఉన్నారు. కూలికెళ్ళేవాడు, జ్వరమొచ్చినవాడు, రాత్రి పూట ఒంటరిగా ఇంటికి నడిచి వెళ్ళేవాడు ఒక్కడు కూడా లేడు. తొలినాటి బ్లాక్ మెటల్ ప్రకృతి అంతా ఇంతే. మనుషుల్ని ఖాళీ చేయించిన ప్రకృతి. అలాంటి పాటలు రాసినవాళ్ళంతా హంతకులవుతారని నేననను, అది అన్యాయం. కానీ ఊహలో ఎవరికీ చోటివ్వని ఆ ఘనతకీ, బయట అడవిలో ఒక మనిషి ప్రాణం అంత చవకగా పోవడానికీ బొత్తిగా సంబంధం లేదని కూడా ఇప్పుడు అనలేను.

కాబట్టి నా తూకపు రాయికి రెండు వైపులున్నాయి. ఈ సంగీతంలో రెండు లేములున్నాయి. లేని ఆర్కెస్ట్రా దాని అందం. లేని మనుషులు దాని జబ్బు. కొత్తవాళ్ళు మొదటిదాన్ని నిలబెట్టుకుని రెండోదాన్ని నయం చేసుకుంటున్నారా అన్నదే నా ప్రశ్న.

*

స్టార్మ్‌కీప్ అమెరికాలోని డెన్వర్ బ్యాండ్. బ్లడ్ ఇన్‌కాంటేషన్‌లోనూ వేఫేరర్‌లోనూ డ్రమ్స్ వాయించే ఐజాక్ ఫాక్ దీని వెనక ముఖ్యమైన మనిషి. వాళ్ళ మొదటి పూర్తి ఆల్బమ్ 'టేల్స్ ఆఫ్ అదర్‌టైమ్' 2021లో వాన్ రికార్డ్స్ నుంచి వచ్చింది. ఆరు ట్రాకులు. ఇప్పుడు దొరికే సాఫ్ట్‌వేర్లన్నీ పక్కనపెట్టి, 90ల నాటి కీబోర్డ్ శబ్దాన్ని కావాలనే ఎంచుకున్నారు. మధ్యలో 'ద సిటడెల్' అని ఒక ట్రాక్ ఉంది, గిటార్లు లేకుండా కీబోర్డ్ ఒక్కటే. పాత వీడియో గేమ్‌లో కోట గుమ్మం ముందు నిలబడ్డట్టుంటుంది. ఆ కోట అట్టముక్కలతో చేసిందని తెలుస్తూనే ఉంటుంది, అయినా లోపలికి వెళ్ళబుద్ధవుతుంది. లేని ఆర్కెస్ట్రాని ఎలా నిలబెట్టాలో వీళ్ళకి తెలుసు. కానీ లోపల ఉన్నది మళ్ళీ డ్రాగన్లూ మాంత్రికులే. 1993 నుంచి కత్తి తీసేసి, కోటని మాత్రం శుభ్రంగా కడిగి తెచ్చుకున్నారు. ఇది నిర్దోషమైన ఆనందం. చిన్నప్పుడు చందమామ పత్రికలో బొమ్మలు చూసిన ఆనందం లాంటిది. నేను తరచుగా వింటాను. కానీ ఎక్కడా గుచ్చుకోదు.

ఫిన్లాండ్ బ్యాండ్ మూన్‌లైట్ సార్సరీ 2023లో అవాంగార్డ్ మ్యూజిక్ నుంచి తెచ్చిన 'హార్న్‌డ్ లార్డ్ ఆఫ్ ద థార్న్‌డ్ కాసిల్' కూడా ఇదే దారిలో మొదలవుతుంది. తేడా గిటార్‌లో ఉంది. చిల్డ్రన్ ఆఫ్ బోడమ్‌ని గుర్తుచేసే మెరుపువేగపు సోలోలు. ప్రతి స్వరం విడివిడిగా, ముత్యాల్లా వినపడుతుంది. ఆఫీసుకెళ్ళే దారిలో ట్రాఫిక్‌లో వింటే హుషారొస్తుంది. కానీ హోరులోంచి ఏరుకోవడానికి వినేవాడికి ఏమీ మిగల్చలేదు. అన్నం కలిపి ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టేశారు. కోట పేరులో ముళ్ళున్నాయి గానీ పాటలో లేవు.

రెండో లేమిని నయం చేయడానికి నిజంగా పూనుకున్నది సూర్. గేలిక్ భాషలో ఆ మాటకి స్వేచ్ఛ గల అని అర్థం. స్కాట్లాండ్‌కి చెందిన ఆండీ మార్షల్ ఒక్కడే నడిపే బ్యాండ్. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'అమిడ్‌స్ట్ ద రూయిన్స్'లో 'గ్లెన్ ఆఫ్ సారో' అనే పాట గ్లెన్‌కో ఊచకోత గురించి. 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున, దాదాపు రెండు వారాలుగా మెక్‌డొనాల్డ్ వంశంవాళ్ళ ఇళ్ళల్లో అతిథులుగా ఉండి వాళ్ళ తిండి తిన్న సైనికులు లేచి, సుమారు 38 మందిని చంపారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటాం కదా, వీళ్ళు ఆ ఇళ్ళని తగలబెట్టారు కూడా. మంచులోకి పారిపోయినవాళ్ళు మంచులోనే చచ్చిపోయారు.

చూడండి, అదే మంచు, అదే కొండ. కానీ ఇప్పుడు ఆ మంచులో చలికి వణుకుతున్న మనుషులున్నారు. ఈ మార్పు చిన్నది కాదు. మాటలు తెలీకుండా వింటే మాత్రం ఆ 38 మంది వినపడరు. ఫిడేలూ చెలో వంటి నిజమైన వాద్యాలని వాయించేవాళ్ళ చేతే వాయించారు, అవి ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, దుఃఖం కూడా తుడిచి పెట్టినట్టుంది. పాట కిందికి కుంగిన ప్రతిసారీ ఏదో ఒక మధురమైన రాగం వచ్చి చెయ్యి పట్టుకుని పైకి లేపేస్తుంది. ఊచకోత మీద పాట రాసినప్పుడు అంత తొందరగా ఓదార్చకూడదేమో. మనుషులొచ్చారు, మంచుగోడ కరిగిపోయింది.

రెండూ కలిసి ఉండటం సాధ్యమేనా అంటే, సాధ్యమే. కొత్తది కాకపోయినా కొలతకి పనికొస్తుంది కాబట్టి పనోప్టికాన్ 2012లో తెచ్చిన 'కెంటకీ'ని చెప్పుకోవాలి. ఇదీ దాదాపుగా ఒక్కడి బ్యాండే, ఆస్టిన్ లన్ అనే అతనిది. ఫాసిజానికి వ్యతిరేకినని దాచుకోని మనిషి. కెంటకీ రాష్ట్రపు బొగ్గుగని కార్మికుల పోరాటాల మీద ఆల్బమ్ ప్రధానంగా నడుస్తుంది. బాంజో, ఫిడేలు ఉన్న పల్లె బాణీలు ఒక పక్క, మసిపట్టిన గిటార్ హోరు ఒక పక్క. హార్లన్ కౌంటీ సమ్మె రోజుల్లో, 1931లో, ఫ్లోరెన్స్ రీస్ అనే ఇల్లాలు రాసిన యూనియన్ పాటని కూడా ఇందులో పాడాడు. ఆ పాట స్పష్టంగా వినపడుతుంది, తర్వాత వచ్చే హోరులో మాటలేవీ వినపడవు. అయినా ఆ అరుపు ఎవరిదో అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. బ్లాక్ మెటల్ అరుపు చక్రవర్తి నోట్లోంచి గనిలోకి దిగేవాడి నోట్లోకి మారింది. ఆ ఒక్క మార్పుతో ఈ సంగీతం మీద నాకున్న సగం అపరాధభావం పోయింది.

*

చివరికి మిగిలింది పేయిజాజ్ దివేర్. ఫ్రెంచిలో ఆ పేరుకి శీతాకాలపు దృశ్యం అని అర్థం. స్విట్జర్లాండ్‌లో వింటెర్ అనే పేరు పెట్టుకున్న ఒకే ఒక్క మనిషి, 90ల చివరినుంచీ క్యాసెట్ డెమోలు తీస్తూ వచ్చాడు. శీతాకాల లోకంలో నడిచే ఒక బాటసారి కథని, వరస తప్పించి, ముక్కలు ముక్కలుగా చెప్తున్నాడు. ఇరవై ఏళ్ళ పైగా డెమోలే. మొదటి పూర్తి ఆల్బమ్ 'ఇమ్ వాల్డ్' 2020లో వచ్చింది, రెండు గంటలు. 2024 నవంబరులో వచ్చిన 'డీ బెర్గె', అంటే కొండలు, గంటన్నర పైనే ఉంటుంది. ఏడు ట్రాకులు. మెల్లగా సాగుతుంది. చివరి ట్రాక్ పేరు 'గిప్ఫెల్', శిఖరం.

ఇందులో సింఫనీ అనదగ్గది ఏదీ పైకి కనపడదు. గిటార్లు ఎంత బురదగా ఉంటాయంటే, వాయించే చేతిని ఊహించుకోవడం కష్టం. మధ్యమధ్య గాలి హోరు. ఒకే రాగఖండం పది నిమిషాలు తిరుగుతుంది. మొదటిసారి విన్నప్పుడు విసుగొచ్చి ఆపేశాను. రెండోసారి రాత్రి షిఫ్టులో, ఏదో సర్వర్ మార్పు పూర్తయ్యేదాకా మేలుకోవాల్సి వచ్చి, తప్పక చివరిదాకా విన్నాను. నలభై నిమిషాలు దాటాక హోరులోంచి ఒక బృందగానం లేచింది. ఎవరూ పాడటం లేదని నాకు తెలుసు. ఎక్కువసేపు ఒకే హోరు వింటే చెవి తనే రాగాలు పుట్టించుకుంటుంది. అయినా విన్నాను. హాస్టల్లో విన్న ఆ లేని ఆర్కెస్ట్రా, ఇన్నేళ్ళకి మళ్ళీ.

మరి మనుషులో? ఒక్కడున్నాడు. నడుస్తున్నాడు. చక్రవర్తి కాడు, ఎవరినీ జయించడు. చలి వేస్తుంది, అలసిపోతాడు, కొండ మాత్రం అతన్ని పట్టించుకోదు. 1993లో ప్రకృతి మనిషి గర్వానికి సింహాసనం. ఇక్కడ మనిషి ఎంత చిన్నవాడో తెలియజెప్పే చోటు. 'కెంటకీ'లో ఉన్నంత జనం ఇందులో లేరు, ఆ లోటు నేను దాచను. కానీ ఖాళీ చేయించిన ఇంటికీ, ఒక్కడే ఉంటున్న ఇంటికీ తేడా ఉంది. నేను చెప్పుకున్న కొత్త ఆల్బమ్‌లలో ఒక్కటే దగ్గర ఉంచుకోమంటే 'డీ బెర్గె'ని ఉంచుకుంటాను. కొత్తగా ఈ వైపు వచ్చేవాళ్ళు మాత్రం దీంతో మొదలుపెట్టకండి, బెదిరిపోతారు. స్టార్మ్‌కీప్‌తో గుమ్మం దాటి, 'కెంటకీ' మీదుగా ఇక్కడికి చేరండి. 'నైట్‌సైడ్ ఎక్లిప్స్' వినాలా వద్దా అన్నది మీ ఇష్టం. వింటే, ఆ డ్రమ్స్ ఎవరివో తెలిసే వినండి. నేనిప్పటికీ అలాగే వింటున్నాను, పూర్తి మనశ్శాంతితో మాత్రం కాదు.

పోయిన మే నెలలో అమ్మ హైదరాబాద్ వచ్చింది. ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ చార్జింగ్ అయిపోయి, 'డీ బెర్గె'ని స్పీకర్లో చిన్నగా పెట్టుకుని పని చేసుకుంటున్నాను. పక్కగదిలోంచి అమ్మ లేచొచ్చింది.

"ఏరా, వానొస్తోందా? బాల్కనీలో బట్టలు అలాగే వదిలేశాను."

వాన కాదమ్మా, పాట అన్నాను. నమ్మలేదు. బాల్కనీ తలుపు తీసి, చెయ్యి బయటికి చాపి చూసింది. చుక్క లేదు, వేడిగాలి. వెనక్కొచ్చి స్పీకర్ వైపు కాసేపు చూసింది.

"ఇదీ ఆ మిక్సీ పాటేనా?"

"అదేనమ్మా."

"ఇదైతే పర్లేదులే. కాస్త తగ్గించుకో" అని వెళ్ళి పడుకుంది. బట్టలు మాత్రం, ఎందుకైనా మంచిదని, లోపలికి తెచ్చేసింది.